పుట్టింటి చిరునామా

మా మల్కాపురం వీధిలో తండ్రి చనిపోయాడని తెలిసి హల్వా పంచిన మనిషి మా అమ్మ ఒక్కతే. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. ఆ తండ్రి పోయి కూడా ఇంచుమించు అన్నేళ్ళే అయింది. ఇంత ఆలస్యంగా తెలియడమేమిటి, తెలిశాక హల్వా ఏమిటి అని ఆ రోజు వీధి వీధంతా మమ్మల్ని అడిగింది. వాళ్ళకి సగం సగం చెప్పి పంపించాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

రంగం దగ్గర మొదలుపెట్టాలి. రంగం అంటే రంగూను. మా ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళ నోట రంగూను అన్న మాట నేనెప్పుడూ వినలేదు. పూర్వం మా పల్లెల్లో పంటలు పోయిన ఏడాది మగవాళ్ళు విశాఖ రేవులో ఓడెక్కి రంగం పోయేవారు. కొందరు నాలుగేళ్ళకి ట్రంకు పెట్టెతో తిరిగొచ్చేవారు. కొందరు అక్కడే ఇంకో పెళ్ళి చేసుకుని ఉండిపోయేవారు. అందుకని ఇక్కడ ఏ ఇల్లాలి మొగుడైనా రంగంలో ఉన్నాడంటే, విన్నవాళ్ళు పైకి జాలిపడుతూనే లోపల లెక్కలేసుకునేవారు.

మా తాత, అంటే అమ్మ తండ్రి, అలా కూలికి పోయిన మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా పట్టాళంలో చేరాడు. తుపాకీ పట్టే పట్టాళం కాదులెండి. సైన్యం నడవడానికి ముందుగా వెళ్ళి అడవి కొట్టి, రోడ్లూ వంతెనలూ వేసే దళం. ఆయన వెళ్ళేనాటికి అమ్మమ్మకి మూడో నెల. అమ్మ పుట్టింది, యుద్ధం అయిపోయింది, ఆయన మాత్రం రాలేదు. అల్లుడు రంగంలో ఉన్నాడనీ, వస్తాడనీ ఉత్తరం వచ్చిందని అమ్మమ్మ తండ్రి అందరికీ చెప్పాడట. ఆ ఒక్క కబురు పట్టుకుని అమ్మమ్మ బతికినన్నాళ్ళూ ఎదురుచూసింది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. చివరికి పసుపు కుంకుమలతోనే సాగనంపారు.

ఊరు ఊరుకుంటుందా? ‘ఆడగుంట పుట్టిందని తెలిసీసి ఆ మనిసి రంగంలోనే ఉండిపోనాడు’ అన్నారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అక్కడ రెండో పెళ్ళాం ఉందనీ, ఆవిడ వరసగా మగపిల్లల్ని కన్నదనీ, వాళ్ళేదో బియ్యం మిల్లు నడుపుతున్నారనీ, ఏడాదికొక ముక్క చేర్చుకుంటూ పోయారు. చిన్నప్పుడు అమ్మ ఎవరితో పోట్లాడినా చివరి మాట అదే అయ్యేదట: నువ్వు పుట్టబట్టే మీ అయ్య రాలేదు. అమ్మ ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు. నాకు యాభై దాటాక ఒక పెళ్ళి భోజనాల దగ్గర నేనే స్వయంగా విన్నాను. మా పక్క వరసలో కూర్చున్న ఓ పెద్దావిడ అమ్మని ఎగాదిగా చూసి, ‘ఈవిడ రంగం మనిసి కూతురు కాదేటి? గుంట పుట్టిందని పెళ్ళాన్ని ఒగ్గీసినాడు, ఆడి కూతురే కదా’ అంది. మెల్లగా అన్నాననుకుంది గానీ తనకి వినపడకపోతే మనకీ వినపడదనుకునే వయసు ఆవిడది.

అమ్మ విస్తట్లో పులిహోర అలాగే వదిలేసి లేచింది. ఇంటికి ఆటోలో బయల్దేరాం. కాన్వెంటు జంక్షన్ దాటాక నా చెయ్యి పట్టుకుంది.

‘ఒలే, నువ్వు ఆస్పత్రిలో కాయితాలు ఎతుకుతావు కదా. మా అయ్య కాయితం ఎతుకు. నన్ను వొద్దనుకున్నాడో నేదో తెలిసీసి పోతాను.’

ఎనభయ్యేళ్ళ మనిషి చిన్నపిల్ల గొంతుతో ఆ మాట అంటే నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. నాకు ఏడుపు వచ్చినప్పుడల్లా వెనకాలే కోపం వస్తుంది, అది నా జబ్బు. ‘ఎతుకుతాను. ఎలా దొరకడో సూత్తాను’ అన్నాను. ఆటోడ్రైవరు ఎవరినో కొట్టడానికి వెళ్తున్నామనుకున్నాడు.

నేను ఒక ఆస్పత్రి రికార్డు రూములో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. దుమ్ముకి తుమ్ముతూ, చెదపురుగులతో కొట్లాడుతూ, పాత ఫైలు ఏదడిగినా తీసిస్తానని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు కొంచెం నా నెత్తికెక్కిన మాట నిజమే. ఇంట్లో రోజూ కళ్ళజోడు వెతుక్కుంటానని మా ఆయన వెక్కిరిస్తాడు, అది వేరే సంగతి.

మా అమ్మాయి మధురవాడలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడే స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాటులో ఉంటుంది. ఆదివారం రెండు బస్సులు మారి దానింటికి వెళ్ళాను. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లన్నీ పెట్టిన వెబ్‌సైట్ ఒకటుందని అది అప్పటికే కనిపెట్టింది. తాత పేరు కొట్టింది. పేజీలకి పేజీలు వచ్చాయి. ఆ పేరు ఆ రోజుల్లో మా వైపు ఊరికి నలుగురికి ఉండేది, దేవుడి పేరు మరి. తాత సొంత ఊరి పేరు కూడా జతచేసి చూస్తే ఒక్కరూ రాలేదు. జిల్లా పేరుతో చూస్తే చాలామంది వచ్చారు గానీ ఎవరి ఊరూ మాది కాదు. దానికి విసుగొచ్చి నూడుల్స్ చేసి పెట్టింది. నేను తిని తిరుగు బస్సెక్కాను.

మాజీ సైనికుల కుటుంబాల వ్యవహారాలు చూసే ఆఫీసుకీ వెళ్ళాను. అక్కడ మీసాలాయన చాలా మర్యాద చేసి, టీ తెప్పించి, ‘మీ తాతగారి సర్వీసు నంబరు ఉందా అమ్మా?’ అన్నాడు. ఫోటోయే లేదు, నంబరెక్కడ తెచ్చేది? ఆయన బాధపడ్డాడు. నేను టీ బాగుందని చెప్పి వచ్చేశాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే, చెప్పులింకా విప్పకుండానే, ‘దొరికినాడేటి?’ అనేది అమ్మ. పొద్దున బయటికెళ్ళిన మనిషి గురించి అడిగినట్టే అడిగేది. దొరకలేదమ్మా అంటే, ‘పోన్లే, కాళ్ళు కడుక్కో’ అనేది. వారం వారం ఆ ‘పోన్లే’ చిన్నదైపోతూ వచ్చింది. నాకు భయం పట్టుకుంది. ఊరు చెప్పిందే నిజమై, రంగంలో నిజంగానే ఆ బియ్యం మిల్లు ఉంటే ఏం చెయ్యాలి?

ఒక మంగళవారం రికార్డు రూము కిటికీ దగ్గర గొడవ. ఒక కుర్ర తండ్రి తన బిడ్డ పుట్టిన వివరాలు కావాలని వచ్చాడు. భార్య పేరు చెప్పాడు, మధురవాడలో తన చిరునామా చెప్పాడు. మా కొత్త క్లర్కు రిజిస్టరు తిప్పి అలాంటివాళ్ళెవరూ లేరంది. ‘నేకపోడమేటండీ, ఇక్కడే కన్నాది, నాను బయట బల్లమీదే కూకున్నాను’ అని అతను గొంతు పెంచాడు. అంతలో అతని వెనకనుంచి వాళ్ళ అత్తగారు ముందుకొచ్చి, ‘బాబూ, పురిటికి మా ఇంటికాణ్నుంచే కదా వొచ్చింది, మా ఊరే రాయించినాం’ అంది. ఆ ఊరు చెప్పగానే రెండు నిమిషాల్లో ఫైలు దొరికింది.

కొత్తగా చేరిన ప్రతి క్లర్కుకీ నేను నేర్పే మొదటి పాఠమే అది. పురిటి ఫైలు మొగుడి ఊరితో వెతక్కండి, పుట్టింటి ఊరితో వెతకండి. మా వైపు తొలికాన్పు కన్నవారింట్లోనే. ఆడమనిషి ఏడో నెలలో అక్కడికి వెళ్ళిందంటే బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా ఆమె చిరునామా అదే. ఆ సంగతి ఇరవై ఎనిమిదేళ్ళుగా పదిమందికీ చెబుతూ, సొంత తాత దగ్గరికొచ్చేసరికి మొగుడి ఊరు పట్టుకుని నాలుగు నెలలు వెతికాను. ఠపీమని నెత్తిమీద కొట్టుకున్నాను. పాపం ఆ కుర్ర తండ్రి, తననే తిడుతున్నాననుకుని ‘సారీ మేడమ్’ అన్నాడు.

అక్కడికక్కడే అమ్మాయికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నానంది. ‘మీటింగు తరవాత. తాత ఊరు తీసెయ్, మా అమ్మమ్మ కన్నవారి ఊరు పెట్టు’ అన్నాను. కడుపుతో ఉన్న భార్యని మూడో నెలలోనే కన్నవారింటికి పంపి పట్టాళంలో చేరినవాడు, ఉత్తరమొస్తే ఆమె చేతికే అందాలనుకుంటాడా, లేక ఆమె లేని ఊళ్ళో తన వాళ్ళకి అందాలనుకుంటాడా? అవతల కాసేపు టకటక చప్పుడు. తర్వాత అది గొంతు తగ్గించి, ‘అమ్మా, ఉన్నారు’ అంది.

ఉన్నారు. పేరు, తండ్రి పేరు, భార్య పేరు, అమ్మమ్మ పుట్టిన ఊరి పేరు, పక్కన అప్పటి విశాఖపట్నం జిల్లా. నాలుగూ కలిశాయి. సేవలో ఉండగా మరణించారు, తేదీ చూస్తే అమ్మ పుట్టిన కొద్ది నెలలకే. సమాధి ఎక్కడుందో తెలియదు. అలా సమాధి తెలియని వేలమంది పేర్లతో పాటు ఆయన పేరునీ రంగూను ఊరి బయట ఒక రాతి స్తంభం మీద చెక్కారు. చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. ఊళ్ళో వాళ్ళది ఒక్క ముక్క నిజమేనన్నమాట, మనిషి రంగంలోనే ఉన్నాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని నెత్తళ్ళు శుభ్రం చేస్తోంది. మా ఆయన రిఫైనరీలో మొదటి షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. ఆయనకి వంటింట్లో చెబితే, ‘ముందు బీపీ బిళ్ళ వెయ్యి, తరవాత సెప్పు’ అన్నాడు. నేనా ఆగే మనిషిని? అరుగు మీదికెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇవాళ చెప్పులు విప్పాననీ, ఆవిడ అడక్కుండానే కూర్చున్నాననీ గమనించింది.

‘దొరికినాడు’ అంది, అడగడం కాదు.

చెప్పాను. చేపల చేతులు అలాగే గాల్లో పెట్టుకుని వింది.

‘అయితే పారిపోనేదు.’

‘లేదమ్మా.’

‘రంగం పెళ్ళాం నేదు.’

‘లేదు.’

‘యుద్దంలోనే పోనాడు. నాను నెలల పిల్లగా ఉన్నప్పుడే.’

‘అవునమ్మా.’

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే నవ్వింది. నా జన్మలో ఆవిడ ముఖం అంత తేటగా చూడలేదు. లేచి నిలబడి, ‘పదండి, అందరూ తలమీద నీళ్ళు పోసుకోండి’ అంది.

చావు కబురు ఎప్పుడు తెలిస్తే అప్పుడే స్నానం, అది మా ఆచారం. మా ఆయన తువ్వాలు పట్టుకుని, ‘అత్తా, ఎనబయ్యేళ్ళ తరవాత మైలేటి?’ అన్నాడు. ‘నాకు తెలిసింది ఇయ్యాలే కదా బాబూ’ అంది అమ్మ. ఆయన బకెట్టు తీసుకెళ్ళాడు. మధురవాడలో మనవరాలికీ ఫోన్ వెళ్ళింది. ‘అమ్మమ్మా, పొద్దున్నే తలస్నానం చేశాను, అది చెల్లదా?’ అని అది బేరమాడింది. చెల్లదని తేలింది. నెత్తళ్ళు పక్కింటివాళ్ళ పాలయ్యాయి. ఆ రోజు చేపల్లేని అన్నం తిన్నందుకు మా ఆయన ఇప్పటికీ తాత మీద కొంచెం కినుకగానే ఉంటాడు.

మర్నాడు పొద్దున అమ్మ జరీ అంచు చీర కట్టుకుని మాడుగుల హల్వా తెప్పించమంది. అర్థం కాక నేను తటపటాయిస్తుంటే, ‘లెగవే, నువ్వు తేకపోతే నానే బస్సెక్కుతాను’ అంది. తెప్పించాక ఆకు ముక్కల్లో పెట్టుకుని వీధిలో మొదటి ఇంటినుంచి మొదలుపెట్టింది.

‘ఏటి మామ్మా, మనవరాలికి సమ్మంధం కుదిరిందేటి?’ అని ఆనందంగా అందుకుని నోట్లో వేసుకుంది ఆ ఇంటావిడ.

‘నేదమ్మా. మా అయ్య సచ్చిపోనాడు’ అంది అమ్మ నవ్వుతూ.

ఆవిడ ఆ హల్వా మింగలేక, కక్కలేక, నా వైపు చూసింది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇలా పదకొండిళ్ళు తిరిగాం. ఆరో ఇంటికి వచ్చేసరికి కథ మాకంటే ముందే చేరిపోయింది. జనం గుమ్మాల్లో నిలబడి, పరామర్శించాలో అభినందించాలో తేల్చుకోలేక, రెండూ కలిపి ఏదో అనేవారు. ఒకాయన ‘చాలా సంతోషం, పాపం’ అన్నాడు. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ వారంలోనే అమ్మమ్మ పుట్టిన ఊరు వెళ్ళాం, చీపురుపల్లి వైపు. వెబ్‌సైట్ కాగితాన్ని అమ్మ ప్లాస్టిక్ అంటింపించి చేతిసంచీలో పెట్టుకుంది. రైల్లో ఎదురు సీటువాళ్ళకి అడక్కుండానే చూపించింది. ఆ ఊళ్ళో అమ్మ మేనమామ కొడుకు ఉన్నాడు. అమ్మకి బావ, నాకు వరసకి పెదనాన్న. అమ్మకంటే మూడేళ్ళు పెద్ద. వయసు పెరిగినకొద్దీ ఇద్దరి సరసాలూ పెరిగాయే గానీ తగ్గలేదు.

‘వొచ్చీసినావేటే మరదలా! నన్ను మనువాడ్డానికేటి?’ అన్నాడు మంచం మీంచే.

‘పళ్ళు కట్టించుకున్నాక సూద్దాం బావా. ముందు ఇది సూడు. మా అయ్య పారిపోనేదు. పట్టాళంలో పోనాడు’ అని కాగితం ఆయన చేతిలో పెట్టింది.

పెదనాన్న దానివైపు చూడలేదు. నవ్వు మాత్రం ఆగిపోయింది. పక్కకి తిరిగి, ‘నాకు తెలుసే’ అన్నాడు.

పెదనాన్న నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అమ్మ నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు పట్టాళం నుంచి కాగితం ఈ ఇంటికే వచ్చింది. పోస్టు జవానే చదివి చెప్పాడు. ఆ వారమే అమ్మమ్మని అత్తవారింటికి సాగనంపడానికి ముహూర్తం పెట్టుకున్నారు, సారె సిద్ధమవుతోంది, చేతుల నిండా కొత్త గాజులు వేయించారు. అమ్మమ్మ తండ్రి ఆ కాగితాన్ని మడిచి పెంకుల కింద వాసంలో దోపేశాడు. పోస్టు జవానుతో ఒట్టేయించుకున్నాడు. తెల్లారి ఊరందరికీ, అల్లుడు రంగంలో ఉన్నాడట, వస్తాడట అని చెప్పాడు. చనిపోయేముందు కొడుక్కి చెప్పాడు, ఆ కొడుకు తన కొడుకైన పెదనాన్నకి చెప్పాడు. ఆ కాగితం తర్వాత ఇల్లు కప్పు మార్చినప్పుడు చెదలపాలైంది.

‘అత్త గాజులు పగలగొట్టలేక దాసీసినాడే తాత’ అన్నాడు పెదనాన్న. ‘అత్త పోయిందాకా సెప్పొద్దన్నారు. అత్త పోయినాక, పసుపు కుంకాలతో పంపించీసినాం కదా, ఇప్పుడు సెప్తే ఆవిడ పెట్టుకున్న బొట్టంతా అబద్దమైపోద్దని నోరెత్తనేదు.’

అమ్మ కాగితం లాక్కుని దాంతోనే ఆయన భుజం మీద ఫెడీమని కొట్టింది. ‘నన్ను ఊరంతా అన్న మాటలు ఇన్నేదేటి నువ్వు? గుంట పుట్టిందని ఒగ్గీసినాడని నన్నంటంటే, నీ పక్కనే కదా నిలబడ్డాను!’

‘ఇన్నాను’ అన్నాడాయన. ‘ఇన్న పెతిసారీ సెప్పీద్దామనే అనుకున్నాను. అత్త మొకం సూసి ఆగిపోనాను. నన్ను ఇంకోటి కొట్టు.’

కొడుతుందనే అనుకున్నాను. ఆవిడ కోపమే నాకూ వచ్చింది మరి. కానీ అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది: ‘గాజులమ్మే మనిసి మలారం దింపితే మా అమ్మే ముందు సెయ్యి సాపేది. ఆకుపచ్చవి అడిగేది. పేరంటానికి అందరికంటే ముందు దానికే పసుపు రాసీవోరు. దాని మొకం నాను సూసినాను కదా.’ కళ్ళు తుడుచుకుంది. ‘పోన్లే బావా. మా అమ్మ సుకంగానే ఉన్నాది. మన తాత మంచోడే. అబద్దం ఆడ్డమే రానేదు. రంగం తప్ప ఇంకే ఊరూ దొరకనేదేటి ఆ మనిసికి?’

పెదనాన్న పగలబడి నవ్వాడు, ఆయన నవ్వుకి దగ్గొచ్చింది, ఆ దగ్గుకి కోడలు పరిగెత్తుకొచ్చింది. మధ్యాహ్నం బావామరదళ్ళు ఒకే కంచం ముందు కూర్చుని ఆనపకాయ పులుసు వాటాలేసుకోవడం చూసి నా కోపం కూడా పోయింది.

సాయంత్రం స్టేషనులో మాత్రం అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. ఏమిటని అడిగాను.

‘పారిపోనేదు, సరే. మరి నాను పుట్టినట్టు ఆయనకి తెలుసేటి? తెలిసి సంతోసించినాడా, గుంటే కదా అనుకున్నాడా? బావకీ తెల్దట. నాను పుట్టినాక కార్డు ముక్క రాయించినారట, అది అందిందో నేదో ఎవులికీ తెల్దట.’

అది ఏ కాగితంలోనూ ఉండదమ్మా, మనసులో మాటకి కాలమ్ ఉండదు అన్నాను. రికార్డు రూము మనిషిని, అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది. వెబ్‌సైట్‌లో తాత సర్వీసు నంబరు దొరికింది కదా, మీసాలాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పాత పత్రాలు ఏ సైనిక రికార్డు ఆఫీసులో ఉండొచ్చో ఆయనే చెప్పి, దరఖాస్తు రాయించి, మళ్ళీ టీ ఇప్పించాడు. పంపించి మర్చిపోయాను. అమ్మ కూడా ఇంక అడగడం మానేసింది. తండ్రికి మొదటిసారి విస్తరి వేసి పెట్టుకుంది, ఆయన ఇష్టాయిష్టాలు తెలియవు గనక తనకిష్టమైనవన్నీ వండించింది.

ఆరేడు నెలల తర్వాత మందపాటి కవరు వచ్చింది. అమ్మ ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. కవరు చింపాను. తాత పట్టాళంలో చేరినప్పటి పత్రానికి నకలు, ఇంగ్లీషులో, మసకమసకగా. అలవాటు కొద్దీ నా కళ్ళు పైనుంచి ఒక్కో గడీ దిగుతూ వచ్చాయి. ఎత్తు, ఛాతీ, ఎడమ మోకాలి మీద మచ్చ. మనకొక తాత ఉన్నాడనీ, ఆయనకొక మోకాలు ఉందనీ అప్పుడే నమ్మకం కుదిరింది. తర్వాత వారసుల గడి. మొదట తండ్రి పేరు రాసి ఉంది. దాని మీద అడ్డంగా సిరా గీత. దాని కింద వేరే చేతిరాతతో ఇంకో వరస.

కూతురు. నెలల బిడ్డ. పేరు ఇంకా పెట్టలేదు.

పక్కన వేలిముద్ర.

ఆ వరసనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. అమ్మ కంగారుపడి ‘ఏటే?’ అంది. పక్కన కూలబడి తెలుగులో చెప్పాను. కార్డు ముక్క ఆయనకి అందిందమ్మా. నువ్వు పుట్టావని తెలిసింది. ఆడపిల్లవని తెలిసింది. తెలిశాక ఆఫీసరు దగ్గరికెళ్ళి, ముందు రాయించిన తన తండ్రి పేరు కొట్టించేసి, నిన్ను రాయించాడు.

‘పేరు పెట్టకముందే?’

‘పేరు పెట్టకముందే.’

మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మూడోసారి నవ్వింది. సిగ్గుపడుతున్న ఆడపిల్లలా తల వంచుకుని, తడి జుట్టు ముఖం మీదికి పడుతుంటే, నవ్వుతూనే ఉంది. ‘మా అయ్యకి నానంటే ఇట్టమే’ అంది. వీధికి వినబడేలా ఇంకోసారి అంది.

కాసేపటికి ఆ గడి మీద వేలు పెట్టి, ‘పేరు పెట్టనేదని ఒగ్గీసినారు కదా. ఇప్పుడు రాయొచ్చేటి?’ అని అడిగింది.

రికార్డు మీద పెన్ను పెట్టినవాళ్ళని నేను ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరినీ క్షమించలేదు. ఒక డాక్టరుగారితో ఆర్నెల్లు మాట్లాడ్డం మానేశాను. లేచి వెళ్ళి పెన్ను తెచ్చి అమ్మకిచ్చాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టడం ఆవిడ నడివయసులో నేర్చుకుంది, అప్పటినుంచి బ్యాంకులోనైనా రేషన్‌కైనా మా నాన్న ఇంటిపేరుతోనే పెడుతుంది. కాగితం ఒళ్ళో సర్దుకుని, వేలిముద్ర పక్కన పెన్ను ఆనించి ఆగింది.

‘ఇక్కడ మా అయ్య ఇంటిపేరు రాస్తాను’ అని, పెళ్ళికి ముందు తనదైన ఆ ఇంటిపేరుతో, జీవితంలో మొదటిసారి, తన పేరు రాసుకుంది.